డబ్బా మీది కార్డు

గార్లదిన్నెలో యేసన్న ఇంటి వసారా. అన్నాల వేళ. యేసన్న కొడుకు ఇమ్మానుయేల్ బోరు మోటార్లకు స్టార్టరు డబ్బాలు అమ్మే కంపెనీలో ఏజెంటు.

“...చొక్కాకు ఇస్త్రీ చేయించాల. బండికి పంచరు వేయించాల. ముదిగుబ్బకు పోయి కొత్త డబ్బాలకు నా కార్డులు అతికించాల. ఫొటోలు తీసి మేనేజరుకు పంపాల. ఇయ్యన్నీ ఈ పొద్దే కావాల నాయనా.”

“పోవద్దు.”

“పోకుంటే ఎట్ల? నా డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్టు కంపెనీ బీరువాలో ఉండాది.”

“ముందు ముద్ద తిను. ఆ కార్డు ఒకతూరి ఇట్లియ్యి.”

“నీ బటన్ల ఫోనుకు అది పలకదు. పెద్ద ఫోను ఆనిస్తేనే నా బొమ్మా, పేరూ, నంబరూ వస్తాయి.”

“తెలుసులేరా. తోటలోళ్లు నంబరు ఎవురు దాచుకుంటారు? మోటారు ఆగితే డబ్బా కాడికి పోయి ఫోను ఆనిస్తారు. నీ మొగం వస్తాది. నీకు ఫోను కొడతారు.”

“కొట్టి తిడతారు. కంపెనీ రిపేరోళ్లను తీసేసింది. దాని నంబరు తీసేసి నాదొక్కటే ఉంచింది. మోటార్లు కాలిపోతాండాయి, తోటల్లో చీనీకాయల చెట్లు ఎండిపోతాండాయి. అందరికీ దొంగను నేనే... నీ ఫోను మోగుతాండాది.”

“మోగనీ.”

“ఎవురు?”

“రాంగు నంబరు. తిను.”

“నా కాడ డబ్బా కొన్న ఎర్రన్న నిన్న ఏమన్నాడో తెలుసా? ఈసారి తోట కాడికొస్తే కరెంటు స్తంభానికి కట్టేస్తాడంట.”

“ఎర్రన్న మంచోడేరా.”

“మంచోడే. ఆ తోటలో అమ్మ కలుపు తీసిన కూలితోనే కదా నేను సదివింది. ఆయప్ప అన్నదానికి కాదు, ఆయప్ప మొగం సూడలేక సస్తాండా.”

“సిమ్ము మార్చుకో.”

“మారిస్తే ఒరిజినల్ ఇయ్యరు. మార్చకుంటే జనం బతకనియ్యరు. ఇంక యాడికి పోవాల, చెప్పు. మళ్లా మోగుతాండాది.”

“చర్చి బాలప్ప అయ్యుంటాడు.”

“ఎత్తు మరి.”

“తర్వాత మాట్లాడతా. ఈ పొద్దు నీకెవురన్నా కొట్టినారా?”

“లేదు. అదే భయమైతాండాది. రోజూ ఈపాటికి చెవులు పగిలిపోతాయి. ఈ పొద్దు ఒక్కటీ రాలేదు. అందరూ కలిసి ఇంటికే వస్తాండారేమో.”

“రారులే.”

“నీకెట్ల తెలుసు?”

“రారంటే రారు.”

“మళ్లా అదే మోత. ఫోను ఇట్లియ్యి నాయనా. యాల దాస్తాండావు?”

“పొద్దున నువ్వు నీళ్లు పోసుకుంటాంటే నీ ఫోనుకు ఏవో అంకెలొచ్చినాయి. నెట్టు సెంటరు మారుతికి సదివి చెప్పినా. నాకు అంకెలొస్తాయి కదా.”

“ఓటీపీనా? మారుతికి యాల చెప్పినావు? ఏం చేసినావు నాయనా?”

“జేబులో కార్డు ఉండాది కదా. ఆనించి సూసుకో.”

“...మారుతితో నా కార్డు పేజీ మార్పించినావా? ఇది నీ బొమ్మ. ఈస్టరుకు తీసింది. పేరు నీది. నంబరు నీది. అన్ని డబ్బాలకూ ఒకటే పేజీ నాయనా. ఏ తోటలో ఆనించినా నువ్వే వస్తావు.”

“రానీ.”

“మేనేజరుకు తెలిస్తే?”

“వాళ్లకు తిట్లు తినేటోడు ఒకడు కావాల. వాడు నువ్వైతేనేమి, నేనైతేనేమి? ఒరిజినల్ చేతికొచ్చేదాకా గమ్మునుండు.”

“నిన్ను స్తంభానికి కట్టేస్తారు నాయనా.”

“నాకు డిగ్రీ ల్యా, ఉద్యోగం ల్యా. నా కాడ ఏం గుంజుకుంటారు? జరుగు, ఎత్తనీ... అలో. ఆ, డబ్బాలోళ్లమే. యా ఊరన్నా మీది? ముదిగుబ్బా? తిట్టన్నా, తిట్టు, ఇంటాండా... ఇమ్మానుయేలా? ఆ పేరుతో ఈడ ఎవురూ లేరప్పా. మీకు డబ్బా అమ్మింది నేనే. నా పేరు యేసన్న. ఆ ఒక్క పేరే గుర్తు పెట్టుకోండి.”