పద్దెనిమిది అడుగుల బెంచీలు

పద్దు మార్చడానికి వీల్లేదన్నారా మీ ఆఫీసులో? అంటారు, అనకపోతే ఆశ్చర్యపోవాలి గానీ. కరెంటు లైనే లేని బడికి పన్నెండు ఫ్యాన్లు పంపారని నువ్విప్పుడు తల పట్టుకు కూర్చున్నావు, మూడు నెలల ఉద్యోగానికే. మా రోజుల్లో పైకప్పు సరిగా లేని బడికి బెంచీలు పంపేవాళ్ళమ్మాయ్. ఏటా పంపేవాళ్ళు. ఒక ఏడు వాన తప్పినా బెంచీల డబ్బు మాత్రం తప్పేది కాదు. అలా నిలబడే ఉంటావేం, ఆ పెట్టె మీద రంపప్పొట్టు దులుపుకుని కూర్చో. గొడుగు టీచరు సంగతి మీ నానమ్మ నీకెప్పుడూ చెప్పలేదూ? చెప్పదులే. మా చెల్లెలు ఏదైనా రెండు ముక్కల్లో తేల్చేస్తుంది, "మా హెడ్మిస్ట్రెస్సు మంచిది, కోపిష్టిది" అని. అంతే, అయిపోయింది. ఆవిడ గురించి రెండు ముక్కలా చెప్పేది? మన వీధి చివర బడికి ఆవిడ పదకొండేళ్ళు హెడ్మిస్ట్రెస్సు. సన్నగా, పొడుగ్గా, నా ఈ మూలమట్టం బద్దలా నిటారుగా ఉండేది. నాలుగు గదుల బడి. నాలుగో గది దూలాలు పుచ్చిపోయి, పెంకులు జారిపోయి, చినుకు పడితే లోపలే ముందు తడిసేది. ఆవిడ ఎడమ చేత్తో గొడుగు పట్టుకుని కుడి చేత్తో బోర్డు మీద రాసేది. తన కోసం కాదు, సుద్ద తడవకుండా. సుద్దకి వేరే పద్దు, అది ఏడాదికి రెండు పెట్టెలే. అలా గొడుగు టీచరయింది.

ఇప్పుడు నీకు నేను చెప్పక్కర్లేదు, ఆఫీసులో చూస్తున్నావుగా, డబ్బు ఏ పేరున వస్తే ఆ పేరునే ఖర్చు కావాలి. బెంచీల పేరున వచ్చింది బెంచీలకే. అదీ లెక్కల సంవత్సరం ఇక వారం రోజుల్లో ముగుస్తుందనగా వచ్చేది. ఆ వారంలో ఖర్చు పెట్టకపోతే మురిగిపోతుంది. మురిగిపోతే పైవాళ్ళు ఏమనుకుంటారు? ఈ బడికి డబ్బు అవసరం లేదనుకుని మరుసటేడు కోసేస్తారు. అందుకని ప్రతి ఏడూ ఆ వారంలో మా కొట్టుకి పరుగున కబురొచ్చేది, ఆరు బెంచీలు, ఏడు బెంచీలు అని. నేను చేసేవాణ్ణి. నాకేం, పని పనే. బడిలో పిల్లలు తొంభై మంది, బెంచీలేమో రెండు వందల మందికి సరిపడా. వరండాలో ఒకదాని మీద ఒకటి గుట్ట పోసేవాళ్ళు, పిల్లలు దాని మీదెక్కి కిందికి జారేవాళ్ళు. మరమ్మతుల పద్దులో ఆరేళ్ళుగా సున్నా. "అయ్యా, నాకు బెంచీలొద్దు, ఆ డబ్బుతో దూలాలు వేయించుకోనివ్వండి" అని ఆవిడ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఒక దానికి జవాబొచ్చింది. ఏమనుకున్నావు? "మీ ఉత్తరం పరిశీలించడమైనది. అదనంగా రెండు బెంచీలు మంజూరు చేయడమైనది." నవ్వకు, నిజంగానే. బెంచీ అన్న మాట చదివి అక్కడితో ఆపేసి ఉంటాడు చదివినవాడు.

అలా నడుస్తుండగా లెక్కలాయన వచ్చాడు. పై ఆఫీసు నుంచి ఏడాదికోసారి వచ్చి సామాను లెక్కచూసేవాడు, కొత్తవి తయారయ్యాక మళ్ళీ వచ్చి వాటి మీద కాల్చిన ముద్రతో నంబరు వేసి పోయేవాడు. పొట్టి మనిషి, చెడ్డవాడు కాదు, కడుపులో మంట ఉండేది పాపం, మజ్జిగ తప్ప ఏదీ తాగేవాడు కాదు. ఆ నాలుగో గది చూసి రాసేశాడు: "ఏడో తరగతి గది వాడకానికి తగదు. బళ్ళు తెరిచే నాటికి తగిన గది లేనిచో ఏడో తరగతి రద్దు." రద్దయితే పిల్లలు ఏడు మైళ్ళ అవతల పట్నం బడికి పోవాలి. ఎవరు పంపుతారు? మీ నానమ్మకి అప్పుడు ఆరో తరగతి పరీక్షలు. మా నాన్న సంగతి నీకు తెలీదుగా. నడుం పోయి పని మానేశాడు గానీ బేరాలన్నీ ఆయనవే, రోజంతా కొట్టు ముందు మంచం మీదే ఉండేవాడు. ఆయన అప్పటికే తేల్చేశాడు. "ఆరు చాలు. అడుక్కి పన్నెండంగుళాలని తెలిస్తే చాలదా? ఏడు చదివి ఏం చేస్తుంది, అడుక్కి పదమూడు చేస్తుందా?" అనేవాడు. చెల్లెలు ఏడవలేదు, ఏడ్చే రకం కాదది. ఆ వారం నాతో మాట్లాడలేదు, నాన్నతో మాట్లాడలేదు, పొట్టు ఊడుస్తూ చీపురుని నేలకేసి కొట్టేది. ఆ చప్పుడు వింటే నా చేతిలో ఉలి వంకర పోయేది.

ఆ వారంలోనే గొడుగు టీచరు కొట్టుకొచ్చింది. కబురు పంపడం కాదు, తనే వచ్చింది. చేతిలో మంజూరు కాగితం. "ఏమయ్యా, ఇది చదువు" అంది. నాకు చదువు అంతంతమాత్రం, చెల్లెల్ని పిలిచాను. అది చదివింది, "గట్టి కర్రతో, కాళ్ళతో సహా, బెంచీలు ఎనిమిది, ఒక్కింటికి నలభై చొప్పున" అని. "పొడుగెంతో రాశారా?" "లేదు టీచర్." "మందం?" "లేదు టీచర్." అప్పుడావిడ నా వైపు తిరిగి, "బెంచీ ఎంత పొడుగు చెయ్యగలవు?" అంది. కర్ర ఎంతుంటే అంత చేస్తానమ్మా అన్నాను. "అయితే పద్దెనిమిది అడుగులు. వెడల్పు ఐదంగుళాలు, మందం తొమ్మిది." నేను బుర్ర గోక్కున్నాను. "అమ్మా, ఐదంగుళాల మీద పిల్లలు నిలవరు, జారి పడతారు." "పిల్లలు కూర్చోరులే" అంది. నాకు అప్పటికీ వెలగలేదు. మీ నానమ్మకి వెలిగింది. "అన్నా, నాలుగో గది అడ్డం పదహారడుగులు" అంది చిన్నగా, అన్ని రోజులకి నాతో అన్న మొదటి మాట అది. టీచరు దాని వంక చూసి, "నువ్వు వచ్చే ఏడు ఏ తరగతి?" అని అడిగింది. అది నాన్న మంచం వైపు చూసింది.

కర్రకే ఒక్కోదానికి ముప్పై ఆరు పడింది. మిగిలిన నాలుగూ కాళ్ళకి, కాలికొకటి. ఇంక కూలి ఏది? లేదు. టీచరు కూడా అడిగింది, "నీకేం మిగులుతుందయ్యా" అని. ప్రభుత్వం వారు తర్వాత విడిగా ఇస్తారట అని నాన్నకి చెప్పాను, ఆవిడకేమో కొట్టులో మిగిలిన కర్ర ఉందిలెండి అన్నాను. ఇద్దరికీ అబద్ధమే. కాళ్ళు చీలలతో బిగించాను, చీల లాగితే ఊడొచ్చేలా. లెక్కలాయన ముద్ర వెయ్యడానికొచ్చి ఆ బెంచీల చుట్టూ రెండు సార్లు తిరిగాడు. ఒకదాని మీద కూర్చున్నాడు. లేచాడు. "ఇంత పొడుగేమిటమ్మా?" అన్నాడు. "పిల్లలంతా ఒకే వరసలో ఉంటే చూపు ఆనుతుందండీ" అంది ఆవిడ, కనురెప్ప కదపకుండా. ఆయన కాగితం చూసుకున్నాడు. గట్టి కర్ర, ఉంది. కాళ్ళు, ఉన్నాయి. ఎనిమిది, ఉన్నాయి. నలభై ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా నంబర్లు కాల్చి, బిల్లు మీద సంతకం పెట్టి పోయాడు. సెలవుల్లో పిల్లల తండ్రులు నలుగురొచ్చి చెయ్యేశారు. పాత పెంకులే, పుచ్చిన దూలాలు దించి కాళ్ళూడదీసిన బెంచీలు పైకెక్కించాం. బళ్ళు తెరిచే రోజుకి గది తయారు. మీ నానమ్మ ఏడులో కూర్చుంది. గదీ అయింది, ఫీజూ లేదు, నాన్న ఇంకేమంటాడు? "ఈ ఒక్క ఏడే" అన్నాడు.

నా బుర్ర తక్కువ పని ఇక్కడుంది, విను. గొడుగు టీచరు నాకు ఒకే ఒక్క మాట చెప్పింది, "నంబర్లున్న వైపు పైకి పెట్టు, పెంకుల కింద కనబడకుండా" అని. లెక్కలాయన ఎలాగూ వరండాలో గుట్ట చూసి నీరసపడి లెక్కపెట్టకుండానే సంతకం పెడతాడని ఆవిడ ధైర్యం. సరేనన్నాను. అన్నానా? కాగితంలో బెంచీ అని ఉందా, బెంచీకి నేను చిత్రిక పట్టకుండా, అంచులు గుండ్రంగా తియ్యకుండా, వార్నిష్ వెయ్యకుండా నా కొట్టు గడప దాటనిస్తానా? పరికిణీలు చిరగవూ? పిల్లలు కూర్చోరని తెలిసీ వేశాను చూడు, మూడు పూతలు. ఇక కర్రకి మంచి ముఖం, చెడ్డ ముఖం ఉంటాయి. నలుగురికీ కనబడే వైపు మంచి ముఖం పెట్టాలి, అది నాకు నాన్న కొట్టి నేర్పిన పాఠం. ఆ వార్నిష్ ముఖాన్ని పెంకుల కింద దాచడానికి నా చేతులు ఒప్పుకోలేదో, అసలు నేను ఆలోచించనే లేదో, ఎనిమిదీ కిందికే తిప్పి పెట్టాను. ముద్రలు కూడా ఆ ముఖం మీదే ఉన్నాయి. తలెత్తితే చాలు, నలభై ఒకటి, నలభై రెండు, ఎక్కాల పుస్తకంలా చదువుకోవచ్చు. పిల్లలు చదువుకున్నారు కూడా. ఎవరూ నాకు చెప్పలేదు. టీచరు మాత్రం మొదటి రోజే చూసి ఉంటుంది. ఏమీ అనలేదు, దించాలంటే మళ్ళీ పెంకులన్నీ తియ్యాలిగా.

మరుసటేడు లెక్కలాయన వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను, బోర్డు చట్రం ఊడితే బిగిస్తున్నాను. వరండాలో గుట్ట చూశాడు, ఆవిడ అనుకున్నట్టే నిట్టూర్చాడు, కలం తీశాడు. అక్కడితో పోతే బాగుండేది. "ఇదివరకు ఈ గదిలో వాన పడేది కదమ్మా" అంటూ గుమ్మంలోకి వచ్చి తలెత్తాడు. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. "అమ్మా, ఇవి నా బెంచీలు" అన్నాడు. "అవునండీ, ఎనిమిదీ ఉన్నాయి, చూసుకోండి" అంది. "వీటి మీద ఎవరు కూర్చుంటారు?" "పైకప్పు కూర్చుంటుందండీ." పిల్లలు కిసుక్కుమన్నారు, ఆవిడ ఒక్క చూపు చూసింది, ఆగిపోయారు. "బెంచీ అంటే కదిలే సామానమ్మా, నిబంధన అది." "కదులుతాయండీ. ఇప్పుడే తీయిస్తాను, వడ్రంగి కూడా ఇక్కడే ఉన్నాడు. మీరు సరిగ్గా అక్కడే నిలబడి లెక్కపెట్టుకోండి." ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు. "అక్కర్లేదు" అన్నాడు. చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. అప్పుడు రాశాడు: "బెంచీలు ఎనిమిది బడిలోనే ఉన్నవి, మంచి స్థితిలో ఉన్నవి, వాడుకలో ఉన్నవి." నేను ఊపిరి వదిలానో లేదో, "కాళ్ళేవీ?" అన్నాడు. ఆవిడ బీరువా తెరిచింది. కట్టలు కట్టి పెట్టింది, నాలుగేసి చొప్పున. లెక్కపెడితే ముప్పై ఒకటి. ఒకటి ఎటు పోయిందో ఈ రోజుకీ తెలీదు. బడి ఊడ్చే ఆయాని అడిగితే పొయ్యి వైపు చూసి తల తిప్పుకుంది. "నేను వేరేది చేసిస్తానండీ" అన్నాను. "అది ఆ కాలు కాదు కదయ్యా" అన్నాడాయన. ఎనిమిది దూలాలు మింగినవాడికి ఒక్క కాలు దగ్గర గొంతు పట్టేసింది. పోనీలే, ఆయన పైన కూడా ఆయన్ని అడిగేవాళ్ళుంటారుగా.

నెల తిరిగేసరికి టీచరుకి కాగితమొచ్చింది, పోయిన కాలికి పది, జీతంలో కోత. ఆవిడ దాన్ని దాచుకోలేదు, ఏడో తరగతికి లెక్కగా ఇచ్చేసింది. "బెంచీ నలభై, కాళ్ళు నాలుగు, కాలికి పది అన్నారు, సరేనా?" అని. పిల్లలందరూ సరే అన్నారు, నలభైని నాలుగుతో భాగిస్తే పదేగా. మీ నానమ్మ ఒక్కతే లేచి, "కాళ్ళకే నలభై అయిపోతే పైన పలక మా అన్న ఊరికే ఇచ్చాడా?" అందట. టీచరు బిల్లు తీసి చూపించింది. పలక ముప్పై ఆరు, కాళ్ళు నాలుగు, మొత్తం నలభై. కాలికి ఒకటే పడాలి, తొమ్మిది ఎక్కువ కోశారు. "అయితే రాయి" అందట, కాగితం, కలం దాని చేతికిచ్చి. పిల్ల రాసిన ఉత్తరం కింద తన సంతకం పెట్టి పంపింది. మూడేళ్ళకి జవాబొచ్చింది, తొమ్మిదీ వాపసు. అప్పటికి ఆవిడకి బదిలీ అయిపోయింది, డబ్బు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళడానికి ఇంకో ఏడాది పట్టిందట. అక్కడే రిటైరయి, అక్కడే పోయింది. ఇరవై ఏళ్ళు దాటిందేమో. అక్కడ కూడా ఒక గది కట్టించిందట, దేని పద్దులో కట్టించిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

అసలు ముక్క మరిచాను చూడు. ఉత్తరం రాసిన సాయంత్రం మీ నానమ్మ దాని నకలు ఇంటికి తెచ్చింది, అక్షరం బాగుందని టీచరు ఇంకోటి రాయించిందట, బడిలో ఉంచడానికి. మర్నాడు తిరిగి ఇచ్చెయ్యాలి. నాన్న మంచం మీద పడుకుని, చదవమన్నాడు. ప్రభుత్వం లెక్కలో కూతురు తప్పు పట్టిందంటే ఎవరికి మాత్రం వినాలనిపించదు? అది నిలబడి గట్టిగా చదివింది. పలకకి ముప్పై ఆరు, కాళ్ళకి నాలుగు, వెరసి నలభై అని. నాన్న మెల్లగా లేచి కూర్చున్నాడు. "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివింది. "ముప్పై ఆరూ నాలుగూ నలభై. మరి కూలి?" అమ్మ లోపల గిన్నెలు సర్దడం ఆపేసింది. చెల్లెలు నా వంక చూసింది, దానికీ అప్పుడే తెలిసింది కదా. నేను రంపం పళ్ళకి సాన పెడుతున్నట్టు తలొంచుకున్నాను. తిడతాడనుకున్నాను. ఎనిమిది బెంచీల కూలంటే మాటలా, మా ఇంటికి నెల గడుస్తుంది దాంతో. ఆయన ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఆయనకి చదవడం రాదు. మడత పెట్టి దాని చేతికిచ్చేశాడు. "కూలి లేకుండా పని చేసిన ఈ దద్దమ్మని ఇక బాగుచెయ్యలేం" అన్నాడు నన్ను చూపించి. "దీన్ని మాత్రం ఎనిమిదిలో చేర్పించు. పట్నమైతే పట్నమే. ఇంట్లో ఒక్కరికైనా లెక్క రావాలి."

...

ఏయ్, లేచేటప్పుడు ఆ కుర్చీ జరపకు, జిగురు ఇంకా ఆరలేదు.