యెహెజ్కేలు గారి కజ్జికాయల అచ్చు

కెనడాలోని మిస్సిసాగాలో మా తెలుగు సంఘానికి ఆదివారం ఆరాధన అయ్యాక బేస్‌మెంట్ హాల్లో టీ తాగడం ఆనవాయితీ. ఆ టీతో పాటు యెహెజ్కేలు గారి కోతలు వినడమూ ఆనవాయితీయే, ఎందుకంటే ఆయన ఉన్నచోట ఇంకొకరికి మాట్లాడే సందు దొరకదు. వారమంతా ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు. ఆదివారం వచ్చేసరికి ఏనుగునైనా చిటికెన వేలితో ఎత్తేస్తారు.

ఆ ఆదివారం మాత్రం ఆయన మాట మీద చాలా సంగతి ఆధారపడి ఉంది. ఇరవై ఏళ్ళుగా క్రిస్మస్‌కి సంఘమంతటికీ కజ్జికాయలు చేసేది రూపవతి గారు. కొట్లో అమ్మే అచ్చులతో కాదు, అంచుని వేళ్ళతో తాడులా మెలిపెట్టి చేస్తారు. ఈ ఏడాది కీళ్ళనొప్పులతో ఆ వేళ్ళు వంగడం లేదు. మిఠాయిలు కొట్లో ఆర్డర్ చేసేద్దామన్నాడు సంఘం సెక్రటరీ డేవిడ్‌సన్. ఆవిడ మొహం చిన్నబోవడం చూసి, ఫోన్‌తో స్కాన్ చేసి అదే మెలికతో అచ్చు చేసిస్తానని యెహెజ్కేలు గారు అందరి ముందూ మాటిచ్చేశారు. "ఫోన్ స్కాన్‌తో అచ్చులు రావంకుల్, అది మా పని" అన్నాడు డేవిడ్‌సన్. అతను ప్లాస్టిక్ కంపెనీలో అచ్చులు డిజైన్ చేస్తాడు. ఆ 'మా పని' అన్న ముక్క ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది.

ఆ మాటిచ్చి మూడు వారాలైంది. ఇప్పుడు లంచ్‌బాక్సులోంచి నాలుగు తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు తీసి బల్ల మీద పెట్టారు. వాటిలో ఒక్కసారీ పిండి పెట్టి చూడలేదని ఆయనకొక్కడికే తెలుసు. అందుకే గొంతు ఇంకాస్త పెంచారు.

"పెద్ద పనేం కాదయ్యా. పోయిన క్రిస్మస్ నాటి రూపవతి అక్కయ్య కజ్జికాయ ఒకటి మా ఫ్రీజర్లో ఉంది. దాన్ని మైక్రోవేవ్ ప్లేటు మీద పెట్టి, తిప్పుతూ తిప్పుతూ మూడొందల ఫోటోలు తీశా. ఫోన్ ఏం చేసిందీ, దాని ఒళ్ళంతా చిన్నచిన్న త్రికోణాలతో వల అల్లి ఇచ్చింది. దాన్నే మెష్ అంటారు. ఎన్ని త్రికోణాలనుకున్నారు? నలభై లక్షలు!"

"అంత ఫైలు సాఫ్ట్‌వేర్ మొయ్యలేదంకుల్. తగ్గించాల్సింది" అన్నాడు డేవిడ్‌సన్.

"తగ్గించాలా? నేనా? ఒక్క త్రికోణం తగ్గినా అక్కయ్య వేళ్ళ మెలిక పోదూ? తగ్గించనంటే తగ్గించనన్నా. కంప్యూటర్ మొరాయించింది. నువ్వెంతసేపు మొరాయిస్తావో నేనూ చూస్తానని దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దారికొచ్చింది! చూద్దును కదా, ప్లేటుకి ఆనిన చోట వల చిరిగుంది. చిల్లుంటే అది గట్టి వస్తువని సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. మా నాన్న చీరాలలో వలలు బాగుచేసినట్టు, ఒక్కొక్క త్రికోణం చేత్తో అతికించుకుంటూ పోయా, కోటీ ఇరవై లక్షలూ!"

"ఇందాక నలభై లక్షలన్నారు?"

"అతికిస్తే పెరగవుటయ్యా!"

హాలంతా నవ్వింది. దాంతో ఆయనకి ఊపొచ్చింది.

"ఆ కంప్యూటర్ వేడికి మా టౌన్‌హౌస్ కప్పు మీద మంచు అంతా కరిగిపోయింది. మా వరసలో ఎనిమిదిళ్ళ వాళ్ళు ఇల్లు వేడిచేసే ఫర్నేసులు ఆపేసుకున్నారు. పెరట్లో గడ్డి మొలిచింది. దక్షిణానికి పోయే బాతులు అది చూసి, వేసవి వచ్చేసిందనుకుని మా కప్పు మీద దిగిపోయాయి. ఇంకా అక్కడే ఉన్నాయి, కావాలంటే వచ్చి చూసుకోండి. సరే, అప్పుడు కంప్యూటర్లో ఒక దిమ్మ గీసి, కజ్జికాయని దాని మధ్యలో పెట్టి, 'ఇందులోంచి అది తీసెయ్' అని మీట నొక్కా. కజ్జికాయ ఉన్నచోట ఖాళీ మిగలాలి, అదే అచ్చు. నొక్కీ నొక్కగానే స్క్రీను మీదే కాదు, ప్లేటులో ఉన్న కజ్జికాయ కూడా మాయం!"

"ఐ ఏట్ ఇట్, డాడ్" అంది కూతురు ఫేబీ, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"దానికేం తెలీదు, ఊరుకోండి. ఇంత మెలికున్న అంచు రెండు ముక్కల అచ్చులో ఇరుక్కుంటుంది, ఊడి రాదు. అందుకని నాలుగు ముక్కలు చేసి, లైబ్రరీలో ఉన్న 3డీ ప్రింటర్లో తీయించా. పట్టుకు చూడు డేవిడ్‌సన్! అక్కయ్య వేలిముద్రలు కూడా దిగాయి. నూనెలో లేచిన బుడగలు నూట నలభై మూడు, ఒక్కటి వదిలితే నన్నడుగు!"

డేవిడ్‌సన్ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మెలిక నిజంగానే దిగింది. యెహెజ్కేలు గారికి ఏనుగెక్కినంత సంబరమైంది.

రూపవతి గారు ఒక ముక్క తీసుకుని బొటనవేలితో తడిమారు.

"మెలిక నాదే తమ్ముడూ, బాగా తెచ్చావు. కానీ బుడగలున్నాయంటే, నువ్వు కొలిచింది వేయించినదాన్నన్నమాట."

"కజ్జికాయంటే వేయించిందే కదక్కయ్యా!"

"వేయించాక పొంగిన సైజది. మనం అచ్చులో పెట్టేది పచ్చిపిండి. అది ఇంతకి సాగితే కాగితంలా పలచబడుతుంది. నూనెలో పడ్డాక మళ్ళీ పొంగుతుంది. పొంగి పగిలి, కొబ్బరంతా బాణలి పాలవుతుంది."

ఎవరూ నవ్వలేదు. యెహెజ్కేలు గారికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. డేవిడ్‌సన్ మెల్లగా ఫోన్ తీశాడు.

"అయితే కొట్లోనే ఆర్డర్..."

"ఆగవయ్యా!" యెహెజ్కేలు గారు బల్ల చరిచి లేచారు. "రాదన్న అచ్చు వచ్చిందా లేదా? సైజేగా తప్పింది! అక్కయ్యా, పచ్చిది ఒక్కటి చేసివ్వండి. మళ్ళీ మొదటి ఫోటో నుంచి మొదలెడతా. క్రిస్మస్‌కి ఈ సంఘం కొట్టు మిఠాయి తినదు, తిననివ్వను!"

రూపవతి గారు ఒళ్ళో ఉన్న తన వేళ్ళకేసి చూసుకున్నారు. ఒకసారి ముడిచారు, నొప్పికి పెదవి కొరుక్కున్నారు.

"ఒక్కటి మడవగలన్లే" అన్నారు. "ఆ ఫోన్ లోపల పెట్టు డేవిడ్‌సన్. తమ్ముడూ, ఈసారి మాత్రం నూనెలో వేసి చూశాకే నోరు తెరువు."