వెనక్కి రావడం నేర్పిన మా ఒడ్డు మేడమ్ గారు

పందొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూన్ మూడవ తేదీన, టైర్ల దుకాణం పైనున్న రెండు గదుల మన కార్యాలయంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించిన మేడమ్ గారు, ఈ నెలాఖరున ప్రాజెక్టుల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, వారి పక్క బల్ల దగ్గరే తన ఉద్యోగ జీవితం యావత్తూ గడిపిన లెక్కల విభాగం మనిషిగా నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. నాలుగు మాటలంటే నాలుగుతో ఆగవనీ, నాకు మొదలుపెట్టడమే తప్ప ముగించడం చేతకాదనీ సహోద్యోగులందరికీ తెలిసిందే కనుక ముందుగానే క్షమాపణలు.

ఈ వీడ్కోలు సంచికను చదవబోయే కుటుంబ సభ్యుల కోసం మన సంస్థ గురించి ఒక్క మాట. ఓడలకు తాళ్ళూ లంగర్లూ అమ్మి బాగా గడించిన ఒక పెద్దాయన, కన్నుమూసే ముందు తన ఆస్తిలో సింహభాగాన్ని ఒక విచిత్రమైన దానానికి కేటాయించారు. డిగ్రీలూ జీతాలూ లేకపోయినా, సెలవు దొరికితే చాలు వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు వెళ్ళి, చేపల్ని లెక్కబెట్టేవారికీ, మునిగిపోయిన పడవల పటాలు గీసేవారికీ, సముద్రపు గడ్డి ఎంత మేర పెరిగిందో కొలిచేవారికీ ఆ సొమ్ము అందాలన్నది వారి కోరిక. సరదాగా మొదలై సరదాకు మించిన శ్రద్ధగా మారిన ఆ ఔత్సాహికుల అన్వేషణలకు చేయూతనివ్వడమే మన పని.

ఇంతటి జలప్రధానమైన సంస్థలో చేరిన మేడమ్ గారికి ఈత రాదు. ఈత మాట దేవుడెరుగు, నడుముదాకా నీళ్ళంటేనే గుండె జారిపోయేది. ఊళ్ళో పేరుమోసిన వాచీల మెకానిక్కయిన వారి భర్తగారు ఈ విషయాన్ని నాకు స్వయంగా విన్నవించారు. "మా ఆవిడ బకెట్లో నీళ్ళు చూసినా లోతెంతని అడుగుతుందండీ" అన్నారాయన, పక్కనే నిలబడి వింటున్న ఆవిడ వైపు ప్రేమగా చూస్తూ. ఆవిడ కాదనలేదు.

అప్పట్లో వచ్చిన దరఖాస్తులను టైపు చేస్తూ వారు ప్రతి పంక్తి దగ్గరా ఆగేవారు. ఇద్దరు మనుషులు చీకటి నీళ్ళలో మాట్లాడుకోకుండా ఎలా పని చేస్తారు, ఒకరికి గాలి తగ్గితే రెండోవారికి ఎలా తెలుస్తుంది, దారి తప్పితే ఏం చేస్తారు అంటూ మన మొదటి కార్యదర్శి గారిని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసేవారు. పాపం ఆ పెద్దమనిషి ఒకనాడు రెండు చేతులూ జోడించి, "నన్ను వదిలెయ్యమ్మా, నీకు అంత సందేహముంటే వాళ్ళనే పిలిచి అడుగు" అన్నారు. మేడమ్ గారు ఆ మాటను అక్షరాలా ఆజ్ఞగా స్వీకరించారు.

అలా పుట్టిందే ఈనాడు దేశదేశాల డైవర్లు నవ్వుకుంటూనే అనుకరిస్తున్న మన 'పొడి మునక'. నిధి కోరి వచ్చిన బృందం ముందుగా మన కార్యాలయంలోనే, నేలమీదే, మునిగి చూపించాలి. కుర్చీలు బండరాళ్ళవుతాయి, బీరువాల మధ్య సందు సొరంగమవుతుంది, సామాన్ల గది తలుపు వారు చేరవలసిన గమ్యమవుతుంది. ముఖానికి మాస్కు తగిలించుకుని, నెమ్మదిగా, జంటగా, నోరు మెదపకుండా సైగలతోనూ పలకమీద రాతతోనూ పని చేయాలి. మేడమ్ గారు మధ్యమధ్య వచ్చి ఒక అట్టముక్క చూపిస్తారు. ఆకుపచ్చదైతే గాలి పుష్కలంగా ఉన్నట్టు, పసుపుపచ్చదైతే ఎక్కడున్నా ఏం చేస్తున్నా తక్షణం వెనక్కి మళ్ళవలసినట్టు. ఆ అట్ట ఎప్పుడు వస్తుందో వారికి తప్ప నరమానవుడికి తెలియదు.

జలచరాల పాత్రలను సిబ్బందే పోషించాలి. నేను పాతికేళ్ళకు పైగా పీతను. బల్ల కింద అడ్డంగా పాకుతూ జమాఖర్చులు చూసుకున్న గణకుడు మరెక్కడైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు. ఒకసారి టీ తెచ్చినాయన "చక్కెర వెయ్యమంటారా?" అని అడిగితే, మునకలో ఉన్న ఒక పళ్ళ డాక్టరు గారు పలకమీద 'వద్దు' అని రాసి చూపించారు. తీరంలోనే ఉంటూ లోతును పరీక్షించే ఆవిడకు డైవర్లు 'ఒడ్డు మేడమ్' అని పేరు పెట్టారు. ఆవిడకు ఆ పేరు ఎంత నచ్చిందంటే, ఫోనెత్తి కూడా "ఒడ్డు మేడమ్‌ని మాట్లాడుతున్నా" అనేవారు.

చేరిన ఆరేళ్ళకు సహాయకురాలిగా, మరి కొన్నేళ్ళకు ప్రాజెక్టుల అధికారిణిగా పదోన్నతి పొందిన మేడమ్ గారికి, అసలైన పరీక్ష రెండువేల నాలుగులో ఎదురైంది. మనం నిధులిచ్చిన ఒక బృందం మునిగిపోయిన సరుకుల పడవ పటం గీయడానికి దిగి, కాస్త ముందు పడవ గంట మెరుస్తూ కనబడితే, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ హద్దు దాటి లోపల దారి తప్పింది. రక్షక దళం వారిని క్షేమంగా పైకి తెచ్చింది కానీ, మన పరువు మాత్రం అడుగునే ఉండిపోయింది. ఇతరుల సరదాలకు దానధర్మాలా అని పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఔత్సాహికుల నిధిని శాశ్వతంగా మూసివేసి, ఆ సొమ్మును ఒక కళాశాల భవనానికి మళ్ళించాలని ధర్మకర్తల మండలిలో ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదించినవారు మండలి సభ్యులైన వకీలు గారు.

"అమ్మా, మీ మీద గౌరవం లేక కాదు" అన్నారు వకీలు గారు నిండు సభలో. "జన్మలో నీళ్ళలో కాలు పెట్టని మనిషి, నీళ్ళలోకి ఎవర్ని పంపాలో తేల్చడమేమిటి?"

"నాకు నీళ్ళంటే భయమండీ, దాచుకోవడమెందుకు" అన్నారు మేడమ్ గారు. "భయం లేనివాళ్ళని నేనెప్పుడూ పంపలేదు. మొన్నటివాళ్ళకీ భయం ఉంది. కానీ గంట కనబడేసరికి ఆశ ఆ భయాన్ని మింగేసింది. దాన్ని నేను కనిపెట్టలేకపోయాను. ఈసారి మీ కళ్ళెదుటే చూస్తాను."

"చూసి?"

"వాళ్ళు తప్పు చేస్తే నిధి మూసెయ్యండి. నేనే తాళం వేసి చెవి మీ చేతిలో పెడతా."

సంస్థ భవితవ్యాన్ని, అందులో నా ఉద్యోగాన్ని కూడా, ఆవిడ ఒక్క పొడి మునకకు పణంగా పెట్టేశారు.

ఆ వారం వరుసలో ఉన్నది మామాకోడళ్ళ జంట. మామగారు లిఫ్టులు బాగుచేసి విశ్రాంత జీవితంలోకి వచ్చినవారు, కోడలు కళ్ళజోళ్ళ దుకాణం నడిపే అమ్మాయి. కొడుక్కి నీళ్ళు పడకపోవడంతో ఆ ఇంట్లో డైవింగు వీరిద్దరికే మిగిలింది. పాత పడవల రేవు కింద సముద్రపు గుర్రాలు బతుకుతున్నాయేమో వెతకాలని వారి సంకల్పం. తామెంత పెద్ద పందెంలో పావులయ్యారో వారికి మేడమ్ గారు చెప్పనే లేదు. చెబితే అది పరీక్ష కాదన్నారు.

సమావేశ మందిరంలో కుర్చీలు సర్దాం. సామాన్ల గది తలుపుకు కాగితంతో చేసిన సముద్రపు గుర్రాన్ని వేలాడదీశాం. సభ్యులంతా గోడవారగా నిలబడ్డారు. తాబేలు వేషం వేసే ఉద్యోగి ఆనాడు సెలవులో ఉండటంతో, మేడమ్ గారు అత్యంత వినయంగా వకీలు గారినే అభ్యర్థించారు. నలుగురిలో కాదనలేక ఆయన కోటుతో సహా బల్ల కిందికి దూరారు. నేను యథాప్రకారం పీతనే.

మామాకోడళ్ళు నెమ్మదిగా సాగుతున్నారు. సరిగ్గా వారు బల్ల పక్కకు వచ్చేసరికి, కింద నుంచి, "అయ్యో, మోకాలు పట్టేసిందయ్యా, కాస్త లేపండి!" అన్న ఆర్తనాదం వినిపించింది. జలచరాలను ముట్టుకోరాదన్నది డైవర్ల మొట్టమొదటి నియమం. కోడలు వంగి, వకీలు గారిని జాలిగా పరిశీలించి, పలకమీద ఏదో రాసుకుని ముందుకు సాగిపోయింది. తరువాత చూస్తే ఆ పలకమీద ఇలా ఉంది: 'తాబేలు. చాలా పెద్దది. కదలడం లేదు. ముట్టుకోలేదు.'

ఇక గమ్యం రెండడుగుల దూరంలో ఉంది. మామగారు చెయ్యి చాచబోతున్నారు. కాగితపు గుర్రం ఆయనకు కనబడిందని అక్కడున్న అందరికీ కనబడింది. అప్పుడు మేడమ్ గారు వెళ్ళి కోడలి కళ్ళముందు పసుపుపచ్చ అట్ట పెట్టారు. కోడలు మామగారి భుజం తట్టి, వెనక్కి అని సైగ చేసింది.

మామగారు గుర్రం వైపు చూడలేదు. గిరుక్కున తిరిగారు.

"రెండడుగులే కదయ్యా!" అని తాబేలు గారు ఆగలేక కేక వేశారు. నీళ్ళలో మాటలు వినబడవు కనుక మామగారు విననట్టే, వచ్చిన దారినే అంత నెమ్మదిగానూ గుమ్మం దాకా వచ్చి, కోడలు బయటపడ్డాక తానూ బయటపడి, అప్పుడు మాస్కు తీశారు.

"రెండడుగులే సార్" అన్నారు చెమట తుడుచుకుంటూ. "ఇరవై అడుగులుంటే ఎవరైనా వెనక్కొస్తారు. రెండడుగులున్నప్పుడు రావడమే కష్టం. నా కోడలు రమ్మంది, వచ్చేశాను."

ఏమీ సాధించకుండా వచ్చిన బృందాన్ని మెచ్చుకోవాలో నొచ్చుకోవాలో సభ్యులకు తోచలేదు. మేడమ్ గారు మాత్రం కళ్ళు ఒత్తుకుంటూ, "నాకు కావలసింది ఇదేనండీ" అన్నారు. "ఏదో ఒకటి దొరికినవాళ్ళకి డబ్బివ్వడానికి లోకంలో చాలామంది ఉన్నారు. వెనక్కి వచ్చినవాళ్ళకి మళ్ళీ వెళ్ళడానికి ఇవ్వాలి. అది మనమే ఇవ్వాలి." వకీలు గారిని ఇద్దరు పట్టి లేపారు. ఆయన మోకాలు నిమురుకుంటూ తన ప్రతిపాదనను తానే ఉపసంహరించుకున్నారు. అటుపై కన్నుమూసేదాకా ఆయనే మన నిధికి కొండంత అండగా నిలిచారు.

ఆ మామాకోడళ్ళు నిజంగా నీళ్ళలోకి దిగాక కూడా రెండుసార్లు వట్టి చేతులతో వెనక్కి వచ్చారు. రెండుసార్లూ మేడమ్ గారు చిరునవ్వుతో మళ్ళీ నిధులు మంజూరు చేశారు, రెండుసార్లూ నేను సణిగాను. మూడోసారి రేవు స్తంభాల మధ్య గడ్డిలో, తోకతో గడ్డిపరకను చుట్టుకుని ఊగుతున్న సముద్రపు గుర్రాల గుంపు వారికి దర్శనమిచ్చింది. పడవల లంగర్లు ఆ గడ్డిని పెళ్ళగిస్తున్నాయని వారు పటం గీసి చూపించగా, రేవు అధికారులు పడవలు ఆగే చోటునే మార్చారు. నేటికీ అక్కడ ఆ గుర్రాలు పిల్లాపాపలతో వర్ధిల్లుతున్నాయి.

రెండువేల పన్నెండులో విభాగాధిపతి పదవిని అలంకరించిన తరువాత కూడా వారి తీరు మారలేదు. ఇంట్లోనూ అదే కొలమానం. కుమార్తెను వివాహమాడతానని వచ్చిన యువకుణ్ణి, "ఎప్పుడైనా ఏదైనా పని సగంలో ఆపి వెనక్కొచ్చావా బాబూ?" అని అడిగారట. "ఇంజనీరింగు రెండో ఏడు మానేశానండీ" అని అతడు తల దించుకుంటే, అప్పటికప్పుడే అల్లుడిగా ఖాయం చేసుకున్నారు. ఆ అల్లుడు గారు నడిపే బేకరీ కేకులను మన కార్యాలయంలో రుచి చూడనివారు లేరు.

ఈ నెల మొదటి ఆదివారం నాడు, చలికాలమంతా పట్టణపు ఈత కొలనులో ఎవరికీ చెప్పకుండా తర్ఫీదు పొందిన మేడమ్ గారు, పాత రేవులో మొట్టమొదటిసారి నీళ్ళలోకి దిగారు. పక్కన తోడుగా ఆ కోడలే. వయసు మీదపడిన మామగారూ, మేడమ్ గారి భర్తగారూ, నేనూ రేవు మెట్లమీద కూర్చున్నాం. బుడగలు కొంత దూరం స్తంభాల వైపు సాగాయి. అక్కడ ఆగాయి. తరువాత మెల్లగా మా వైపే తిరిగి వచ్చాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. మామగారు మాత్రం లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు.

మేడమ్ గారు మెట్టు పట్టుకుని మాస్కు తీశారు. ముఖం వెలిగిపోతోంది.

"గుర్రాలు కనబడ్డాయా?" అన్నారు భర్తగారు ఆత్రంగా.

"లేదండీ. ఇంకాస్త ముందే అని అమ్మాయి సైగ చేసింది. నాకు భయమేసింది. వెనక్కి పోదామన్నాను. మారు ప్రశ్న లేకుండా తిప్పేసింది, బంగారుతల్లి."

"ఇంతదూరం వచ్చి చూడకుండానే... బాధగా లేదూ?"

"బాధెందుకండీ? ఏదో ఒక సోమవారం మళ్ళీ వద్దాం" అన్నారు మేడమ్ గారు నీళ్ళు కారుతున్న జుట్టు వెనక్కి తోసుకుంటూ. "వచ్చే నెల నుంచీ నాకు సోమవారాలు కూడా ఖాళీయేగా!"

మేడమ్ గారూ, జీవితమంతా ప్రతి సంఖ్యనూ తేల్చి కింద గీత గీయడమే వృత్తిగా బతికిన నేను, మీకు ఎన్ని సోమవారాలు రావాలో లెక్క వేయడానికి మాత్రం నిరాకరిస్తున్నాను. అవి లెక్కకు అందనన్ని కావాలి. ప్రతి సోమవారమూ మీ కాళ్ళలో సత్తువ, గుండెలో నిబ్బరం, సిలిండరులో గాలి, ఒడ్డున వేడి టీ పట్టుకుని మీ వారు ఉండాలి. మీకు తోచినంత దూరం వెళ్ళి, మీకు తోచినప్పుడు వెనక్కి వచ్చి, సముద్రపు గుర్రాలు కనబడిన నాడూ కనబడని నాడూ ఇలాగే నవ్వుతూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని, కార్యాలయ సిబ్బంది యావన్మంది తరఫునా, చూడకుండా తిరిగి వచ్చిన ఆ రోజున మిమ్మల్ని చూసి మురిసిపోయిన మిత్రుడిగా నా తరఫునా, మనసారా కోరుకుంటున్నాను.