ఒంటిచేతి సంచి

పొద్దుట ఏడైనాది, ముసురు వదల్లేదు, మూడు తెప్పలు, తొమ్మిదిమంది, ఇంకా ఒడ్డుకి రాలేదు. ఇప్పుడే తీరిక దొరికిందా బాబూ, మీ సేపలాఫీసు కాయితం సదవడానికి?

ఏదీ, మళ్లీ సదువు. ‘ఒక మహిళ కుట్టిన సంచులు తొలగించి, ఆఫీసు ఇచ్చిన ఫస్టెయిడ్ పెట్టెలే తెప్పల్లో ఉంచవలెను.’ ఆ మహిళకి పేరుంది. బుల్లమ్మ. నానే.

కోపం రాదేటి? నా కొడుకు గోపి ముంజెయ్యి తెగి నాలుగు నెల్లయినాది. ఇంజిను పంకాకి వల సుట్టుకుంటే కోస్తన్నాడు. కెరటం తన్నింది. కత్తి సేతిలో దిగి, సముద్రంలో పడిపోనాది. మందుల పెట్టె తెరిసేసరికి తెప్ప అడుగంతా నెత్తురే.

కూకో. నీ పెట్టె ఇదిగో. కుడిసెయ్యి ఎనక్కి పెట్టు, తెగిపోనాదనుకో. ఎడమసెయ్యి ఈ బకెట్లో ముంచు. సబ్బునీళ్లే, సేపజిడ్డనుకో. ఊఁ, తియ్యి మూత.

మోకాళ్ల మధ్య నొక్కతన్నావేటి? అక్కడ తెప్ప ఊగదా? నవ్వకు బాబూ. జారిందా? ఇంకోపాలి సూడు... సాల్లే, వదిలీ.

ఇది నా సంచి. తుఫానప్పుడు పంచిన టార్పాలినే. ముందు జిప్పు కుట్టేను, ఉప్పుకి తుప్పట్టింది. అంటుకునే పట్టీ ఎట్టేను, ఇసక సేరి అంటుకోడం మానేసింది. ఇప్పుడు మూతి మూడు మడతలు, తాడు ఉచ్చులో వలని తేల్చే బెండు. అంతే. ఇంజిను కాడ మనిసికి మోకాలి ఎదరే ఏలాడతాది. ఆ బెండు పళ్లతో పట్టి లాగు. సిగ్గేటి? లాగు!

అదీ. కట్టుగుడ్డ కొస నీ సేతికే వచ్చిందా? నీళ్లలో పడినా తేల్తాది.

దీనికి ఆఫీసు ముద్ర లేదంటావా? ముద్ర నెత్తురాపుతాదేటి!

ఏటన్నావు? ఆ రోజు పెట్టె మూత బిగిసిపోనాదని మా మరిది కొండబాబు ఫిర్యాదు పెడితే... నీకు మెమో ఇచ్చేరా? నీ మీదికొచ్చిందా అది?

ఉండు. మూత బిగీలేదు.

నీ పెట్టెలోకి ఉప్పునీరు దిగతాదని, నానే నాలుగు పాలితీన్లు సుట్టి ముడేసేను. వలకేసే ముడి. తడిసేకొద్దీ బిగుస్తాది. కత్తి లేదు కదా, కొండబాబు పళ్లతో కొరికేడు. ఒడ్డుకొచ్చేక నా మొకం సూసి, ముడి మాట దాసి, మూత బిగిసిందని ఊరందరికీ సెప్పేడు. నాను కాదన్లేదు. నిన్ను నలుగురిలో తిట్టేను గూడా.

రాసుకో. ముడి బుల్లమ్మదని రాసుకో. నీరు దిగే పెట్టె ఇచ్చేమని గూడా రాయి, రెండూ నిజాలే. నన్నేం సేసుకుంటారో సేసుకోండి. సంచుల మీద సెయ్యేస్తే మాత్రం ఊరుకోను.

జరుగు, అడ్డం నిలబడకు. తెప్పలొస్తన్నాయి.

మొదటి దాంట్లో ముగ్గురు. రెండో దాంట్లో... ముగ్గురే. మా దాంట్లో కొండబాబు. ఇంజిను కాడ హరిబాబు. అదిగో, ఎడమసేత్తో తాడు పట్టుకుని గోపి.

తొమ్మిదిమందీ వచ్చేరు.