పన్నెండో కాన్పు

జహీరాబాద్‌లో ఓ దవాఖాన. కాన్పుల గది ముందు నర్సింగ్ విద్యార్థిని తన రికార్డు పుస్తకాన్ని సంతకాల కోసం పెద్ద సిస్టర్‌కిచ్చి నిలబడింది.

“ఇరవై కాన్పులు రాసినవు. పన్నెండోది, చిరాగ్‌పల్లి మహేశ్వరిది. పాప పుట్టంగనే ఏడ్చిందా?”

“ఏడ్చింది సిస్టర్. రాసిన గద.”

“ఆ కాన్పు నేనే చేసిన. నాలుగు నిమిషాలు ఏడ్వలే. బ్యాగుతోని ఊపిరిచ్చుకుంట లెక్కపెట్టిన.”



“పక్కపిల్ల పుస్తకం చూసి రాసిన సిస్టర్. ఇరవై లేకుంటే పరీక్షల కూసోనియ్యరు.”

“నిజంగ ఎన్ని చూసినవు?”

“ఏడు.”

“ఏడింటికే సంతకం పెడత. లోపల ఝరాసంగం ఆమెకు నొప్పులొస్తున్నయి. చేతులు కడుక్కొని రా.”

“వచ్చినా ఎనిమిదే అయితయి గద సిస్టర్.”

“నీకు ఎనిమిది. లోపలున్న ఆమెకు ఇదొక్కటే.”