లెక్కల మాస్టారి మీసం

గంట కొట్టడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. స్టాఫ్ రూము గుమ్మంలో కొత్త లెక్కల టీచరు చాక్‌పీసు నలుపుతోంది. ఆమెకు పుట్టు చెవుడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాటలు పట్టుకుంటుంది. ఎదురుగా, ఇదే బడిలో తనకు లెక్కలు చెప్పిన మాస్టారు.

“భయంగా ఉంది మాస్టారూ. పిల్లలు అడిగేది నాకు అందకపోతే? ఈ ఉద్యోగం వద్దని చెప్పేస్తాను.”

“తొమ్మిదో తరగతిలోనూ ఇంతే. లెక్కలు మానేస్తానని కూర్చున్నావు.”

“మరి మీ గుబురు మీసం కింద పెదాలే కనపడేవి కావు. పందెంలో ఓడి మీరు మీసం తీసేశారు కాబట్టి బతికిపోయాను.”

“పందెమా? ఎవరితో?”

“డ్రిల్లు మాస్టారితో. బడంతా నవ్వుకుంది కదా.”

“నవ్వుకోనిచ్చాను. నీ కోసమని తెలిస్తే మొహమాటపడి నిజంగానే మానేసేదానివి.”

ఆమె చాక్‌పీసు నలపడం ఆపేసింది.

“ఇన్నేళ్లూ చెప్పలేదేం మాస్టారూ? నాకు లెక్కలు దక్కాయంటే మీ చలవే. ఇకనైనా మీసం పెంచుకోండి.”

“కుదరదమ్మా. నీలాగే వినపడని పిల్ల ఒకతి ఈ ఏడు చేరింది. లెక్కలు మానేస్తానని నిన్న నా దగ్గర ఏడ్చింది. ఇప్పుడు నువ్వెళ్లేది దాని క్లాసుకే.”

“ఎక్కడ కూర్చుంటుంది?”

“ముందు బెంచీలో. నీ ముఖం మీద వెలుగు పడేలా నిలబడు.”

“కిటికీ ఎదురుగా. అప్పట్లో మీరు నిలబడిన చోటే,” అని ఆమె గంట కోసం ఆగకుండా మెట్లెక్కింది.