వంగపండు రంగు చీర

కువైట్‌లోని అహ్మదిలో కంపెనీ క్వార్టర్. మధ్యాహ్నం పన్నెండు. వాసుదేవరావు బయటికి బయల్దేరాడు. భార్య చాముండేశ్వరి తలుపుకు అడ్డంగా నిలబడింది.

“పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టావు చాముండీ? ఎయిర్‌పోర్టు వాళ్ళు రెండుకల్లా రమ్మన్నారు.”

“ఇవాళ వద్దండీ.”

“మూడు రోజుల నుంచి పెట్టె రాలేదు, పెట్టె రాలేదు అని నా ప్రాణం తీశావు. లండన్‌లో ఆగిపోయింది ఇవాళ వచ్చింది మొర్రో అంటే వద్దంటావేంటి?”

“మనది కాదని చెప్పేద్దాం.”

“నా పేరు మీద ట్యాగుంటే మనది కాక ఎవరిదవుతుంది? కస్టమ్స్ వాళ్ళు నా ముందే తెరుస్తారట. సంతకం పెట్టి తెచ్చుకోవడమే. జరుగు.”

“తెరుస్తారా?”

“తెరవరా మరి? ఏముంది అందులో, నీ చీరలూ, నీ కూతురు సుప్రజ కొనిచ్చిన బిస్కెట్లూ... ఏముంది? చాముండీ, ఏముంది?”

“ఆ ద్రాక్షతోటకి వెళ్ళాం కదా.”

“ఏ తోట?”

“అదేనండీ, ఇంగ్లండులో, సుప్రజ తీసుకెళ్ళింది. ముసలామె, కొడుకూ కోడలూ, వాళ్ళే కాయలు కోసుకుంటారు, వాళ్ళే... మీరు కారు దిగితేగా. ఆఫీసు ఫోన్లోనే ఉన్నారు.”

“వాళ్ళే?”

“వాళ్ళే వైన్ చేసుకుంటారు. నేనో బుట్టెడు గుత్తులు కోసిచ్చానని ముసలామె మురిసిపోయి, ఓ సీసా...”

“అమ్మో! కువైట్‌కి వైన్ సీసా తెచ్చావా? పంతొమ్మిదేళ్ళ నుంచి ఉంటున్నావు, ఇక్కడ నిషేధమని తెలీదూ?”

“నేను తేలేదండీ. అమ్మాయి దగ్గరే ఉంచమన్నాను. మీ కంటపడకుండా వంగపండు రంగు చీరలో చుట్టి దాని సంచిలో పెట్టాను. లండన్ ఎయిర్‌పోర్టులో మీరే, పెట్టెలో ఇంకా నాలుగు కిలోలు పడుతుంది, నీ చీర అది మోయడమెందుకని లాక్కుని కుక్కేశారు.”

“అప్పుడే చెప్పొచ్చుగా!”

“నలుగురిలో అరుస్తారని.”

“అరిచేవాణ్ణి! అరుపుతో పోయేది. ఇప్పుడు జైలు. ఉద్యోగం పోయి, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోయి, ఈ ఇల్లు పోయి... అంతా ఖలాస్.”

“వెళ్ళకపోతే?”

“అడ్రసూ ఫోనూ అన్నీ రాసిచ్చాను. వాళ్ళే వస్తారు.”

“మరెలాగండీ?”

“ఆగు. ఆగు, ఆలోచించనీ... నువ్వూ రా. చీర నీది. సీసా నీది. నాకేం తెలీదు.”

“ఏవండీ!”

“నిజమేగా? నాకు తెలుసా? ఆడమనిషివి, ద్రాక్షరసం అనుకున్నానని ఏడు. మహా అయితే ఇండియాకి పంపేస్తారు. నేను వెనకాల లాయర్ని పెడతాను.”

“నన్నొక్కదాన్నే లోపలికి పంపి మీరు బయట నిలబడతారా?”

“ఇద్దరం మునిగితే ఏం లాభం? చెప్పు, ఏం లాభం? సుప్రజ చదువింకా సగంలో ఉంది.”

“సరే. నాదేనంటాను. కానీ నమ్మరండీ.”

“ఎందుకు నమ్మరు?”

“ఆ తోటలో సీసాకి అంటించే కాగితం మనల్నే రాయమంటారు. దాని మీద పేరుంది.”

“నీ పేరేగా? మరీ మంచిది.”

“నా పేరు కాదు. డిసెంబరుకి మన పెళ్ళై పాతికేళ్ళు కదా, మళ్ళీ వెళ్ళినప్పుడు ఇద్దామని... మీ పేరు రాశానండీ. ఇంగ్లీషులో, ఇంటిపేరుతో సహా.”